కల్లులో మందు ఆగిన రోజే ఆసుపత్రిలో మందు అందాలి

కల్లు దుకాణాల మీద దాడికి వెళ్లే ఆబ్కారీ అధికారులకు, ఆ తర్వాత మూడో రోజు ఓపీలో కూర్చునే ప్రభుత్వ డాక్టర్లకు,

నమస్కారం.

కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోతే అది తాగేవాళ్లకు ఏమవుతుందో చెప్పడానికి మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే 'ఇది మా శాఖ కిందికి రాదు' అని ఎవరికి వచ్చింది వారు రెండోవాళ్లకు పంపించి ఊరుకుంటారేమోనని నా అనుమానం.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును, ఐసీయూలో డ్యూటీ. మాది నిజామాబాద్ జిల్లాలో చిన్న ఊరు. నాన్న దుబాయ్‌లో ఉండేవాడు, అమ్మ ఇంటి దగ్గర బీడీలు చుట్టేది. ఇంతవరకు చెబితే చాలు, మా ప్రాంతం వాళ్లకు మిగతాది అర్థమైపోతుంది. పొద్దుగూకేసరికి అమ్మ కల్లు దుకాణానికి వెళ్లేది.

వేరే జిల్లాల వాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. మా వైపు ఆడవాళ్లు కల్లు తాగడం తలదించుకునే సంగతి కాదు. పొద్దంతా నడుం వంచి కూర్చుని వెయ్యి బీడీలు చుట్టిన మనిషికి సాయంత్రం రెండు సీసాలు తాగితే నొప్పి తెలియదు, నిద్ర పడుతుంది. పక్కింటి అత్త, ఎదురింటి వదిన, అందరూ వెళ్తారు. అక్కడే ముచ్చట్లు, అక్కడే కొట్లాటలు, అక్కడే బాకీల పంచాయితీ. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే మా నాయనమ్మ గుక్కెడు కల్లు పట్టించేది. 'తాగుబోతు' అన్న మాట మేము సారా తాగి రోడ్డు మీద పడిపోయే మగవాళ్లకు తప్ప ఎవరికీ వాడేవాళ్లం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమయ్యాయి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని దుకాణాలు మూతపడ్డాయి, కొన్నింట్లో భయపడి కల్లులో మత్తుమందు కలపడం ఆపేశారు. మా ఊరి దుకాణం తెరిచే ఉంది. కల్లూ ఉంది. అమ్మ రోజూ తాగినన్ని సీసాలు తాగింది. "పస లేదు, నీళ్ల లెక్క ఉన్నది" అని తిట్టుకుంటూ ఇంకొకటి ఎక్కువే తాగింది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండో రాత్రీ పట్టలేదు. అన్నయ్య ఫోన్ చేస్తే, సెలవు పెట్టి మూడో రోజు పొద్దున్నే బస్సు దిగాను.

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. ఒక ఆకు తీసి, తంబాకు వేసి, చుట్టబోయింది. ఆకు చేతిలో నిలవలేదు. తంబాకు అంతా చీర మీద పడింది. మళ్లీ తీసింది. ఈసారి చుట్ట వచ్చింది, కానీ దారం కట్టడానికి రెండు వేళ్లు ఒక చోట కలవడం లేదు. ముప్పై ఏళ్లుగా, మాట్లాడుతూ, టీవీ చూస్తూ, సగం నిద్రలో కూడా తప్పకుండా చుట్టిన వేళ్లు అవి. ఒళ్లంతా చెమట. "గోడ మీద గన్ని చీమలేంది బిడ్డా, నీళ్లు కొట్టరాదు" అంది. గోడ మీద ఒక్క చీమ లేదు.

బీపీ చూశాను, ఎక్కువగా ఉంది. షుగర్ చూశాను, సరిగానే ఉంది. నేను ఆలోచిస్తూ ఉండగానే అమ్మకు ఫిట్స్ వచ్చాయి.

టౌనులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. పేరు చెప్పను, ఆ రోజు అక్కడున్న డాక్టరు తప్పు ఎంత ఉందో నా తప్పూ అంతే ఉంది. "మందు అలవాటుందా?" అని ఆయన అడిగాడు. "లేదండీ, కల్లే" అన్నాను. ఆ 'కల్లే' అన్న మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. తలకు స్కాన్ తీశారు, ఏమీ లేదన్నారు. మూర్ఛ మాత్రలు రాసి సాయంత్రం పంపించేశారు. ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ వేపమండ పట్టుకుని సిద్ధంగా ఉంది, గాలి సోకిందని. తాయెత్తు కూడా తెప్పించింది.

ఆ రాత్రి అమ్మ మళ్లీ లేచి తిరగడం మొదలుపెట్టింది. లేని మనుషులతో మాట్లాడింది. అన్నయ్య ఎటో వెళ్లి, పొరుగు మండలంలో ఇంకా మందు పడుతున్న దుకాణం నుంచి రెండు సీసాలు తెచ్చాడు. నేను వద్దని అరిచాను. వాడు వినలేదు, పోశాడు. గంటన్నరలో చేతుల వణుకు ఆగింది. రెండు గంటల్లో గురక పెట్టి నిద్రపోయింది.

స్కాన్ చెప్పలేనిది ఆ రెండు సీసాలు చెప్పాయి. కల్లు మానడం వల్ల వచ్చిన జబ్బు కాదిది. అమ్మ కల్లు మానలేదు కదా, ఆ మూడు రోజులూ తాగుతూనే ఉంది. ఆగింది కల్లులో ఉన్న ఇంకేదో. పద్నాలుగేళ్లు నర్సింగ్ చదివి, చేసి కూడా మా అమ్మకు రోజూ ఎవరో మందు వేస్తున్నారన్న సంగతి ఆ రాత్రి వరకు నాకు తోచలేదు.

ఆ మందు పేరు మీకు నాకన్నా బాగా తెలుసు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత ఊళ్లలో అందరూ డైజోఫాం అని పిలిచే డయాజిపాం, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం. ఆందోళన ఎక్కువై గుండె దడదడలాడేవాళ్లకు డాక్టర్లు పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము మాత్రల రూపంలో కొద్ది రోజులకు రాసే మందు అది. మెడికల్ షాపులో ఒక్క స్ట్రిప్ అమ్మాలన్నా డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసుకోవాలి. షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచి అమల్లో ఉంది. మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా వస్తుంది. ఇన్ని కట్టుదిట్టాలున్న మందు హైదరాబాద్ చుట్టుపక్కల కిలోల లెక్కన పట్టుబడిందని వార్త చదివినప్పుడల్లా నేను కాగితం మీద లెక్క వేస్తాను. ఒక కిలో అంటే పావు మిల్లీగ్రాము మాత్రలు 40 లక్షలు.

తాటి కల్లు, ఈత కల్లు మామూలుగా అంత మత్తిచ్చేవి కావు. చెట్టు నుంచి దించిన గంటల్లోనే పులుస్తుంది, మర్నాటికి పుల్లబడి తాగబుద్ధి కాదు. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు పెరిగారు. ఉన్న కాస్త కల్లులో నీళ్లు, చక్కెర, శాకరిన్ పోసి, మత్తు కోసం చిటికెడు పొడి వేస్తే వంద సీసాలు వెయ్యి సీసాలవుతాయి. నిజంగా చెట్టెక్కే గీత కార్మికుడికి ఇందులో మిగిలేది ఏమీ లేదు. అతని చెట్టు కల్లు తాగితే 'కిక్కు లేదు' అని జనమే పక్కన పెడతారు. మధ్యలో దుకాణం నడిపే ముస్తేదారు బాగుపడతాడు.

ఈ మందు ఆపితే మనిషి ఎందుకు అలా అయిపోతాడో మా ఊళ్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది, నరాల ఉరుకులాటను అదుపులో పెట్టడం దాని పని. అల్ప్రాజోలం ఆ గాబా బలాన్ని పెంచుతుంది. ఏళ్ల తరబడి బయటి నుంచి ఆ బలం అందుతుంటే మెదడు తన సొంత అదుపును తగ్గించుకుంటుంది. పుస్తకంలో ఇలా ఉంటుంది. మా పెద్దమ్మకు ఇది ఎక్కలేదు.

చివరికి మోకును, అంటే గీత కార్మికుడి నడుము తాడును, ఉదాహరణగా పెట్టి చెప్పాను. చెట్టు మీద గౌడన్న ఎలా ఉంటాడు? నడుముకు మోకు వేసుకుని, బరువంతా దాని మీద వదిలేసి, వెనక్కి వాలి గీస్తుంటాడు. అలా వాలడం తప్పు అని కింద నుంచి ఎవరైనా వచ్చి మోకు కోసేస్తే? "సస్తడు గదనే" అంది పెద్దమ్మ. మరి ఏం చేయాలి? "ఒక్కో అడుగు మోకు జరుపుకుంట దిగాలె." అంతే పెద్దమ్మా, అమ్మను కూడా అట్లాగే దించాలి అన్నాను. తాయెత్తు మాత్రం తీయనివ్వలేదు.

అయ్యా, 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇచ్చింది. చెట్టు మీద నుంచి పడి ఎంతమంది నడుములు విరిగాయో, ఎన్ని కుటుంబాలు వీధిన పడ్డాయో చూసినవాళ్లెవరూ దాన్ని కాదనరు. కల్లు గీసేవాడికి కిట్టు ఇచ్చారు సరే, తాగేవాళ్లను దించడానికి ఏం ఇచ్చారు?

మూడు వారాల తర్వాత మా ఊరి దుకాణంలో 'పస' తిరిగొచ్చింది. అమ్మ కూడా మామూలు మనిషైంది, అంటే మళ్లీ తాగింది. నేను హైదరాబాద్ వచ్చేశాను. ఐదేళ్లు నేను దాని గురించి గట్టిగా ఏమీ చేయలేదు. ఇదీ రాయాలి కదా.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. రాత్రికి రాత్రి దుకాణాలన్నీ బంద్. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీ ఒక్కసారిగా నిండిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పేపర్లలో 'మందు దొరక్క మందుబాబుల వింత ప్రవర్తన' అని నవ్వులాటగా రాశారు. నేను నవ్వలేదు. అన్నయ్యకు ఫోన్ చేసి, మూడో రోజు దాకా ఆగొద్దు, ఈ రోజే తీసుకెళ్లు అన్నాను. ఎర్రగడ్డ మా ఊరికి 170 కిలోమీటర్ల పైమాటే. బస్సుల్లేవు. టౌనులో సైకియాట్రిస్టు ఉన్నాడని తెలిసి బండి మీద ఎక్కించుకుని బయల్దేరాడు, దారిలో పోలీసులు రెండు చోట్ల ఆపారు.

అక్కడి డాక్టరు కుర్రవాడు. అమ్మ చేతులు చూసి, ఆయన మొదట అడిగింది "రోజుకు ఎన్ని సీసాలు?" అని. రెండో ప్రశ్న, "ఏ దుకాణం?"

అన్నయ్య ఫోన్‌లో ఇది చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. 2015లో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆయన దగ్గర ఒక నోట్‌బుక్ ఉందట. ఏ ఊరి దుకాణంలో తాగేవాళ్లకు మానేశాక ఎన్నో రోజు వణుకు వచ్చింది, ఎంతమందికి ఫిట్స్ వచ్చాయి, ఎంత డోసుతో కుదుటపడ్డారు, అన్నీ చేత్తో రాసుకున్నాడు. ఎందుకంటే ఒక సీసాలో ఎంత మందు ఉంటుందో చెప్పే కాగితం ఏదీ ఆయన దగ్గరికి రాదు. బ్రాందీ సీసా మీద ఆల్కహాల్ ఎంత శాతమో అచ్చేసి ఉంటుంది. కల్లు సీసా మీద ఏముంటుంది? నిన్నటి సీసాలో ఉన్నంత ఈ రోజు సీసాలో ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. పొడి కలిపేవాడు తక్కెడ పెట్టి కలపడు కదా.

ఆ నోట్‌బుక్ చూసి ఆయన అమ్మకు డయాజిపాం మొదలుపెట్టాడు. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా దిగిపోతుంది కాబట్టి కుదుపు ఎక్కువ. డయాజిపాం చాలాసేపు ఉంటుంది, మెల్లగా దించడానికి పనికొస్తుంది. మొదటి కొన్ని రోజులు వార్డులోనే ఉంచుకున్నాడు. విటమిన్ బీ1 ఇంజెక్షన్ ఇచ్చాడు, ఎందుకంటే ఏళ్ల తరబడి తాగేవాళ్లలో అది అడుగంటి పోయి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ముప్పు. తర్వాత వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ పోయాడు. మొత్తం పదకొండు వారాలు. మాత్రలు అమ్మ చేతికి ఇవ్వొద్దని, అన్నయ్య దగ్గర ఉంచమని చెప్పాడు.

రెండో వారంలో అమ్మ నన్ను ఫోన్‌లో నిలదీసింది. "కల్లుల గలిపేది డైజోఫామేనట. ఈ డాక్టర్ ఇచ్చేది గూడ గదేనట. మరి దుకాణంల తాగితే తప్పేంది?" ఎంత మంచి ప్రశ్న. చాలామంది కుటుంబాలు చికిత్స మధ్యలో ఆపేసేది ఇక్కడే. మోకు ఒకటేనమ్మా, ఆయన దించుతున్నాడు, దుకాణంవాడు పైన కట్టేసి ఉంచుతున్నాడు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "సరే, గీ డాక్టర్ పైసలు తీస్కుంటలేడు గదా" అంది.

పదకొండు వారాలతో కథ అయిపోలేదు. మరుసటి ఏడాది మా చిన్నాన్న కూతురి పెళ్లిలో అమ్మ రెండు సీసాలు తాగింది. ఆ తర్వాత మూడు వారాలు రోజూ తాగింది. మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాం, ఈసారి తొందరగా దిగింది. బంధువులు "చూశావా, మానినట్టే మాని మళ్లీ మొదలెట్టింది, బుద్ధి లేదు" అన్నారు. షుగర్ ఉన్నవాళ్లు పెళ్లిలో నాలుగు లడ్డూలు తిని మర్నాడు ఆసుపత్రికి వస్తే వాళ్లను ఎవరూ అలా అనరు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్ మండలంలో కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లుకు ప్రాణాలే పోయాయి, కొందరికి డయాలిసిస్ చేయాల్సి వచ్చింది. తర్వాత షరా మామూలే. దాడులు, నమూనాలు, సీజ్, అరెస్టులు. అవన్నీ చేయాల్సిందే. నేను ముస్తేదారు తరఫున రాయడం లేదు, దుకాణాలు తెరిచే ఉంచమనీ అనడం లేదు. కానీ ఒక దుకాణం సీజ్ చేసిన ఫొటో పేపర్‌లో చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ దుకాణంలో రోజూ తాగే రెండు వందల మంది. వాళ్లకు మూడో రోజు పొద్దున ఏమవుతుంది?

ఆబ్కారీ అధికారులను అడిగేది ఇదే. మీరు నమూనా తీసుకుంటారు, పరీక్షశాలకు పంపుతారు, అందులో ఏ మందు ఎంత ఉందో రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టు కేసు ఫైల్లోకి వెళ్లి కోర్టు కోసం ఎదురుచూస్తుంది. ఒక కాపీ ఆ మండలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) పంపండి. ఇంకో కాపీ జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి పంపండి. ఏ ఊరి సీసాలో ఏముందో తెలిస్తే ఆ కుర్ర డాక్టరు నోట్‌బుక్‌లో ఊహించి రాసుకోవాల్సిన పని ఉండదు. రిపోర్టు ఆలస్యమయ్యేట్టయితే కనీసం దుకాణం పేరు, మూసిన తేదీ, రోజుకు సుమారుగా ఎన్ని సీసాలు అమ్ముడయ్యేవో ఆ సాయంత్రమే ఒక ఫోన్ చేసి చెప్పండి.

ముందే చెబితే దాడి సంగతి బయటికి పొక్కుతుందని అంటారు. ముందు చెప్పమని నేను అనలేదు. తాళం వేసిన గంటలో చెప్పండి చాలు. ఫిట్స్‌కు ఎలాగూ ఇంకా ఒకటి రెండు రోజుల టైం ఉంటుంది.

డాక్టర్లూ, ఇక మీకు. ఫోన్ వచ్చాక పీహెచ్‌సీలో ఉండాల్సింది పెద్ద జాబితా ఏమీ కాదు. డయాజిపాం, లోరాజిపాం, బీ1 ఇంజెక్షన్లు, వణుకు, చెమట, నాడి చూసి తీవ్రత లెక్కగట్టే ఒక కాగితం, ఎవరిని ఇక్కడే చూడాలో ఎవరిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలో చెప్పే సైకియాట్రిస్టు ఫోన్ నంబరు. ఆశా కార్యకర్తకు ఒక్క వాక్యం నేర్పండి: దుకాణం మూతపడ్డ వారంలో ఎవరికైనా నిద్ర లేకపోయినా, చేతులు వణికినా, లేనివి కనిపిస్తున్నా అది గాలి కాదు, ఆసుపత్రికి తీసుకురండి. ఆ ఒక్క వాక్యం 2015లో మా వీధి ఆశమ్మకు తెలిసి ఉంటే మా పెద్దమ్మ వేపమండ పట్టుకునేది కాదు. (పట్టుకునేదేమో. ఆమెను నేను పూర్తిగా నమ్మలేను.)

ఓపీ చీటీ మీద 'ఆల్కహాల్' అన్న గడి పక్కన 'కల్లు, ఏ దుకాణం' అని ఇంకో గడి పెట్టండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారని, 1.08 శాతం మంది డాక్టరు రాయకుండా మత్తు మాత్రల వంటివి వాడుతున్నారని లెక్క తేల్చారు. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని అందులోనే ఉంది. మంచి పనే, నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆ సర్వే చేసేవాళ్లు మా ఇంటి తలుపు తట్టి 'నిద్రమాత్రలు వాడతావా అమ్మా' అని అడిగి ఉంటే మా అమ్మ ఏమనేది? "జ్వరానికి గోలి ఏస్కోనీకే భయం నాకు" అనేది. నిజమే చెప్పేది. తనకు తెలియకుండా ఇరవై ఏళ్లు వాడిన మందు గురించి ఎవరు మాత్రం చెప్పగలరు? అలాంటి మనుషులు ఏ లెక్కలోకీ రారు. మూత్రంలో ఈ జాతి మందులను పట్టే స్ట్రిప్ టెస్టులున్నాయి. మత్తు కల్లు నడిచే జిల్లాల్లో, తాగేవాళ్ల ఒప్పుదలతో, పేర్లు రాసుకోకుండా ఒక్కసారి అధ్యయనం చేయండి. ఎన్ని పడకలు కావాలో అప్పుడు తెలుస్తుంది.

పేర్లు రాసుకోకుండా అని ఎందుకన్నానంటే, మా వాళ్లు ఆసుపత్రికి రావడానికి భయపడేది సూదికి కాదు, పోలీసుకు. వ్యసనం వల్ల వచ్చే మానసిక ఇబ్బందులను కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యంలోనే చేర్చింది, ప్రభుత్వ ఖర్చుతో నడిచే వైద్యం పొందడం హక్కు అంది. ఆ చట్టం సంగతి మా ఊళ్లో ఎవరికి తెలుసు? తెలిసిందల్లా, తాగుడు మాన్పిస్తామని గదిలో పెట్టి తాళం వేసే ప్రైవేటు సెంటర్లు. మా చుట్టం ఒకతన్ని అలాంటి చోట రెండు నెలలు ఉంచారు. మొదటి వారమంతా కాలికి గొలుసు. గొలుసు వేయడాన్ని అదే చట్టం నిషేధించింది. బయటికొచ్చాక అతను మొట్టమొదట వెళ్లింది దుకాణానికి.

మద్యం అనగానే మనకు దూబగుంట గుర్తొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఆడవాళ్లంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ అప్పటి నుంచి మన మనసులో ఒక బొమ్మ స్థిరపడిపోయింది: తాగేది మగవాడు, ఏడ్చేది ఆడది. ఆ బొమ్మలో మా అమ్మకు చోటు లేదు. ఆమె ఎవరినీ కొట్టలేదు, ఇల్లు అమ్మలేదు, రోజూ వెయ్యి బీడీలు చుట్టి నన్ను నర్సింగ్ చదివించింది. 'బానిస' అంటే ఆమెలా ఉంటుందని డాక్టరుకు తట్టలేదు, నాకు తట్టలేదు.

ఇంకొక చిన్న పని. ప్రతి కల్లు దుకాణం ముందు లైసెన్సు నంబరుతో బోర్డు ఉంటుంది. దాని కింద రెండు నంబర్లు రాయించండి. మానసిక సమస్యలకు టెలిమానస్ 14416, వ్యసనం మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. ముస్తేదారు ఒప్పుకోడని తెలుసు. లైసెన్సు రెన్యువల్‌కు వచ్చినప్పుడు అడగండి, ఒప్పుకుంటాడు.

ఈ ఉత్తరం రాస్తున్నానని అమ్మకు చెప్పాను. ఇప్పుడు ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. బీడీలు తగ్గించింది, రోజుకు మూడు నాలుగు వందలు చుడుతుంది, వేళ్లు బాగానే తిరుగుతున్నాయి. నిద్ర మాత్రం ఇప్పటికీ రాత్రి రెండింటి దాకా పట్టదు. ఏం రాయమంటావ్ అని అడిగితే చాటలోంచి తలెత్తకుండానే చెప్పింది: "ఆ సార్లను ఒక్కటి అడుగు. గన్నేండ్లు నాకు ఏం తాపిచ్చిన్రో, ఎంత తాపిచ్చిన్రో, గా కాయితం నాక్కూడ ఒకటి ఇయ్యమను. సదివి చెప్పనీకె నువ్వున్నవ్ గదా."

ఇట్లు,
నిజామాబాద్ జిల్లా బీడీ కార్మికురాలి కూతురు,
ఒక నర్సు